మెతుకు పట్టి చూస్తే రాయి తెలుస్తుందా?

ఆంప్లిఫయర్ ఆన్ చేస్తే ఒకవైపు స్పీకరు పలకదు. వాల్యూమ్ పెంచగానే టప్పున అందుకుంటుంది. తగ్గించి కాసేపు వదిలేస్తే మళ్లీ మాయం. స్టీరియో వాడే ఇళ్లలో చాలామందికి తెలిసిన తంటా ఇది. కొని రెండు మూడేళ్లే అయింది. కొనే ముందు చదివిన రివ్యూలో ఆ మోడల్‌కి పదికి తొమ్మిది మార్కులు వేశారు. కొలతలు గ్రాఫులు గీసి చూపించారు, సౌండ్ స్వచ్ఛంగా ఉందన్నారు, గంటల తరబడి వాడినా వేడెక్కడం లేదన్నారు. ఇప్పుడు అదే మోడల్ కొన్న ఇంకొందరు కూడా అచ్చం ఇదే ఫిర్యాదు చేస్తున్నారు. కంపెనీ 'ఎక్కడో ఒకటీ అరా' అంటుంది. రివ్యూ రాసినాయన 'నా దగ్గరున్నది నిక్షేపంగా పనిచేస్తోంది' అంటాడు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పకుండానే ఈ పరిస్థితి రావచ్చు. ఎలా వస్తుందో అర్థమైతే, ఫిర్యాదులు వచ్చాక సమీక్షకుడు ఏం చెయ్యాలి, ఏం చెయ్యలేడు అన్న రెండో ప్రశ్నకి కూడా జవాబు దొరుకుతుంది. నా జవాబు ముందే చెబుతాను. అతను దర్యాప్తు చెయ్యాల్సిందే. అయితే ఎన్ని చెడిపోయాయో లెక్కపెట్టడం కోసం కాదు, ఎందుకు చెడిపోయాయో కనిపెట్టడం కోసం.

ఒక్క పరికరం ఏం చెబుతుంది

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. నిజమే, గిన్నెలో మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడికాయి కాబట్టి. ఆ అన్నంలో రాయి ఉందో లేదో మాత్రం ఆ ఒక్క మెతుకు చెప్పదు. రివ్యూ కూడా అంతే. ఆంప్లిఫయర్ సర్క్యూటు ఎలా గీశారు, ఎంత పవర్ ఇస్తుంది, పాటలో ఎంత వంకర కలుపుతుంది అన్నవి డిజైన్‌కి సంబంధించిన విషయాలు. ఆ మోడల్‌లో తయారైన ప్రతి పెట్టెలోనూ అవి దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే ఒక్కదాన్ని సరిగ్గా కొలిస్తే అన్నిటి సంగతీ చెప్పినట్టే. సోల్డరింగ్ సరిగ్గా అంటుకోకపోవడం, నాసిరకం కండెన్సర్లు ఒక లాట్‌లో కలిసిపోవడం, అసెంబ్లీ లైన్‌లో ఒక స్క్రూ సరిగ్గా బిగియకపోవడం రాళ్ల లాంటివి. వందలో ఐదు పెట్టెల్లో రాయి ఉందనుకున్నా, సమీక్షకుడి చేతికి వచ్చింది మంచిదే అయ్యే అవకాశం నూటికి 95.

సమీక్షకుడి దగ్గరికి వచ్చే పెట్టె ఎక్కణ్ణుంచి వస్తుందన్నది మరో ప్రశ్న. కంపెనీ పంపితే పరీక్షించి, ఏరి పంపిందేమోనన్న అనుమానం ఎప్పుడూ ఉంటుంది. అందుకే 1936 నుంచి ఉన్న అమెరికా పత్రిక కన్స్యూమర్ రిపోర్ట్స్ పరీక్షించే వస్తువులు తన డబ్బుతో దుకాణాల్లోనే కొంటుంది. పద్ధతి మంచిదే. ఏరిన వస్తువు వచ్చే ప్రమాదం దానితో తప్పుతుంది, ఒక్కటే చూసే ఇబ్బంది మాత్రం తప్పదు. పైగా ఎలక్ట్రానిక్స్‌లో ఇంకో తిరకాసు ఉంది. మోడల్ పేరు మారదు, బయటి డబ్బా మారదు, లోపల భాగాలు మారిపోతుంటాయి. ఒక ఐసీ దొరకకపోతే దాని బదులు ఇంకోటి వేస్తారు. రిలే సరఫరాదారుడు మారతాడు. జనవరిలో రివ్యూ చేసిన పెట్టె, అక్టోబరులో మీ ఇంటికి వచ్చిన పెట్టె పేరుకే కవలలు.

బాక్స్: ఎన్ని కొంటే ఒక చెడ్డది దొరుకుతుంది?

ఒక మోడల్‌లో వందకి ఐదు లోపంతో వస్తున్నాయనుకుందాం. అది తక్కువేం కాదు. పది పెట్టెలు కొని పరీక్షించినా, పదీ మంచివే అయ్యే అవకాశం నూటికి 60. కనీసం ఒక్క చెడ్డదైనా 95 శాతం నమ్మకంగా చేతికి తగలాలంటే 59 పెట్టెలు కొనాలి. అంత డబ్బు, అంత చోటు ఏ సమీక్షకుడికీ ఉండవు. ఈ 59 కూడా పెట్టె తెరిచిన రోజే బయటపడే లోపానికి వేసిన లెక్క. ఏడాది తర్వాత బయటపడేదైతే 59 పెట్టెలనీ ఏడాది పాటు నడపాలి.

రెండు వారాల్లో బయటపడని జబ్బులు

మొదట చెప్పిన మూగ స్పీకరు సంగతే తీసుకుందాం. ఆంప్లిఫయర్ ఆన్ చేసిన మూడు నాలుగు సెకన్లకి లోపల 'టిక్'మని చప్పుడు వస్తుంది. అది రిలే. చిన్న విద్యుదయస్కాంతం ఒక లోహపు రేకుని లాగి ఇంకో రేకుకి తాకిస్తుంది. ఆ తాకిడి జరిగాకే పాట స్పీకరు దాకా వెళ్తుంది. ఆన్ చేసేటప్పుడు 'దబ్'మనే చప్పుడు స్పీకరుకి చేరకుండా, లోపల ట్రాన్సిస్టర్ పోతే స్పీకరు కాయిల్ మాడకుండా ఈ ఏర్పాటు. రేకుల కొనల మీద సాధారణంగా వెండి లోహపు బొట్టు ఉంటుంది. గాలిలో తేమ, గంధకం కలిసిన ఆవిర్లు, రేకులు కలిసి విడిపోయేటప్పుడు లేచే సన్నటి రవ్వలు కలిసి ఆ బొట్టు మీద పలచని నల్లటి పొర కట్టిస్తాయి. ఇత్తడి గిన్నె నల్లబడితే తోముకోవచ్చు గానీ, ప్లాస్టిక్ డబ్బాలో మూసేసిన రిలేని తోమేదెవరు? ఆ పొర కరెంటుకి అడ్డు. మెల్లగా పాట పెట్టినప్పుడు వచ్చే వోల్టేజి ఆ అడ్డు దాటలేదు. వాల్యూమ్ పెంచితే వోల్టేజి పెరిగి పొరని చీల్చుకుని పోతుంది, స్పీకరు టప్పున పలుకుతుంది. సమీక్షకుడి బల్ల మీద ఉన్న కొత్త రిలే కొనలు తళతళలాడుతుంటాయి. అతను ఎంత ఖరీదైన మీటరు పెట్టినా ఈ జబ్బు కనబడదు, ఎందుకంటే అది ఇంకా పుట్టలేదు.

రిపేరు షాపుల్లో కండెన్సర్ అని పిలిచే భాగం ఇంకో ఉదాహరణ. చిన్న అల్యూమినియం డబ్బాలో రేకు, కాగితం చుట్టగా చుట్టి ద్రవంలో నానబెడతారు. వేడికి ఆ ద్రవం మెల్లమెల్లగా ఆవిరవుతుంది, పని తగ్గుతుంది. సౌండ్‌లో గుయ్యిమనే హమ్ మొదలవుతుంది, లేదా పెట్టె ఆన్ కావడమే మానేస్తుంది. ద్రవం పాళ్లే తప్పయితే ఇంకా దారుణం. 2000 ప్రాంతంలో తైవాన్‌లో తయారైన కొన్ని రకాల కండెన్సర్లలో ద్రవంలోని నీరు అల్యూమినియాన్ని తినకుండా ఆపే పదార్థాలు సరిగ్గా కలపలేదు. నీరు లోహంతో కలిసి హైడ్రోజన్ వాయువు పుట్టింది, డబ్బాల నెత్తులు ఉబ్బి పగిలాయి. ప్రపంచమంతటా కంప్యూటర్ బోర్డులు, పవర్ సప్లైలు వాటితో పాటు పోయాయి. ఆ రోజుల్లోనే చెడ్డ కండెన్సర్లున్న కంప్యూటర్ల మరమ్మతుల కోసం డెల్ కంపెనీ 2005లో 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది.

పాత ఆంప్లిఫయర్లు విప్పే టెక్నీషియన్లకి జిగురు కథ కూడా తెలుసు. పెద్ద కండెన్సర్లు లారీ కుదుపులకి ఊగకుండా బోర్డుకి జిగురుతో అంటిస్తారు. 1970, 80ల్లో వాడిన కొన్ని జిగుర్లు కొత్తలో లేత పసుపు రంగులో, అమాయకంగా ఉండేవి. ఏళ్ల వేడికి గోధుమరంగుకి తిరిగి, తేమ పీల్చుకుని, కరెంటు ప్రవహించే పదార్థంగా మారాయి, పక్కనున్న భాగాల కాళ్లు తినేశాయి. 1960ల నాటి రేడియోల్లో వాడిన ఏఎఫ్117 లాంటి జెర్మేనియం ట్రాన్సిస్టర్లదైతే మరీ విడ్డూరం. లోహపు టోపీ లోపల తగరం నుంచి వెంట్రుకల్లాంటి తీగలు మొలిచి లోపలి భాగాలకి తగిలి షార్టు చేశాయి. బీరువాలో వాడకుండా దాచిన రేడియోల్లో కూడా అవి మొలిచాయి. వాడితే అరిగేది, వేడికి ఎండేది, ఊరికే ఉన్నా పోయేది, ఇలా లోపానికి లోపానికి కాలం వేరు. రివ్యూకి దొరికే రెండు వారాలు వీటిలో దేనికీ చాలవు.

బాక్స్: పది డిగ్రీల లెక్క

కండెన్సర్ మీద '105 డిగ్రీలు' అని రాసి ఉంటుంది. ఆ వేడిలో 2,000 గంటలు పనిచేస్తుందని తయారీదారుడి హామీ అనుకుందాం. వేడి పది డిగ్రీలు తగ్గిన కొద్దీ ఆయుష్షు రెట్టింపవుతుందని ఇంజనీర్లు మోటుగా లెక్కవేస్తారు. 95 దగ్గర 4,000 గంటలు, 85 దగ్గర 8,000, 75 దగ్గర 16,000. పెట్టె లోపల 75 డిగ్రీలుంటే, రోజుకి నాలుగు గంటలు వాడేవాళ్లకి దాదాపు 11 ఏళ్లు వస్తుంది. అదే కండెన్సర్ స్టాండ్‌బై సర్క్యూటులో ఉండి రాత్రింబవళ్లు వేడెక్కుతుంటే రెండేళ్లు కూడా రాదు. 24 డిగ్రీల ఏసీ గదిలో పరీక్షించిన పెట్టెని మే నెలలో పల్నాడులో 44 డిగ్రీల గదిలో పెడితే లోపల కూడా ఇరవై డిగ్రీలు పెరిగినట్టే, అంటే ఆయుష్షు నాలుగో వంతు. రెండు వారాలు ఆపకుండా నడిపిన రివ్యూ అయినా చూసేది 336 గంటలే.

ఫిర్యాదులు లెక్కపెడితే ఏం తేలుతుంది

ఇంత చెప్పాక కొందరనేది ఏమిటంటే, సమీక్షకుడు లోపాలు చూడలేడు కాబట్టి కొన్నవాళ్ల ఫిర్యాదులు పోగుచేసి లెక్కపెడితే చాలు కదా అని. చాలదు. నలభై మంది ఫిర్యాదు చేశారంటే, అమ్ముడుపోయినవి నాలుగు వందలా నలభై వేలా తెలిస్తేనే ఆ నలభైకి అర్థం. ఆ సంఖ్య కంపెనీ దగ్గరే ఉంటుంది, బయటికి చెప్పదు. బాగున్నవాళ్లు రాయరు, చెడిపోయినవాళ్లే రాస్తారు కాబట్టి లోపం ఉన్నదాని కంటే పెద్దగా కనబడుతుంది. ఇంకోవైపు చెడిపోయినవాళ్లలో చాలామంది చడీచప్పుడు కాకుండా దుకాణంలో మార్చుకుంటారు, లేదా మూల పడేస్తారు, కాబట్టి ఉన్నదాని కంటే చిన్నగానూ కనబడవచ్చు. ఏ వైపు ఎంత తప్పిందో బయటివాళ్లకి తేల్చే దారి లేదు. రివ్యూ మెచ్చుకున్న వస్తువు ఎక్కువ అమ్ముడుపోతుంది, ఎక్కువ అమ్మినదానికి ఫిర్యాదులూ ఎక్కువే వస్తాయి. కాబట్టి ఫిర్యాదుల రాశిని చూసి ఒక మోడల్‌ని ఇంకో మోడల్‌తో పోల్చడం దాదాపు జూదమే.

లోపాల రేటు తక్కువైతే సమీక్షకుడి చేతుల్లో లేని పని ఎంత పెద్దదో 2015లో బీట్స్ పిల్ ఎక్స్ఎల్ అనే బ్లూటూత్ స్పీకరు చూపించింది. ఆ జూన్‌లో అమెరికాలో దాదాపు 2,22,000 స్పీకర్లని ఆపిల్ వెనక్కి పిలిచింది. కారణం బ్యాటరీ వేడెక్కి నిప్పంటుకునే ప్రమాదం. అప్పటిదాకా కంపెనీకి వచ్చిన ఫిర్యాదులు ఎనిమిది. ఒకరికి వేలు కాలింది, ఒకరి బల్ల పాడైంది. దాదాపు 28 వేలకి ఒకటి చొప్పున. 2014 జనవరి నుంచి అమ్మిన ఆ స్పీకరుని ప్రపంచంలోని సమీక్షకులందరూ కలిసి పరీక్షించినా అది వాళ్లకి తగలకపోవడం మామూలే. వస్తువు నిప్పంటుకునే రకమైతే ఎనిమిదే ఎక్కువ. గరగరమనే వాల్యూమ్ నాబ్ అయితే ఎనభై కూడా తక్కువే.

అలాగని ఫిర్యాదుల్లో సాక్ష్యం లేదనుకోకూడదు. దాన్ని సంఖ్యలో వెతుకుతున్నాం, అది పోలికలో ఉంది. ఒక ఆంప్లిఫయర్‌లో వందల భాగాలుంటాయి. వాటి మానాన అవి పోతుంటే ఒకరికి అడాప్టరు పోతుంది, ఒకరికి రిమోట్ పనిచెయ్యదు, ఇంకొకరికి ఇన్‌పుట్ సాకెట్ లూజవుతుంది. ఫిర్యాదులు చెల్లాచెదురుగా ఉంటాయి. అలా కాకుండా ఇరవై మందిలో పదిహేను మందికి కుడి చానెలే, అదీ ఎనిమిది నుంచి పది నెలల మధ్యే పోయిందంటే, ఎన్ని అమ్మారో తెలియకపోయినా వాటన్నిటికీ ఉమ్మడి కారణం ఒకటి ఉందని అనుమానించడానికి అది చాలు. ఇక్కడొక జాగ్రత్త అవసరం. ఒక లోపం పేరు బయటికొచ్చాక అందరూ తమ బాధని ఆ మాటల్లోనే చెప్పడం మొదలుపెడతారు. హెడ్‌ఫోన్ వైరు తెగినవాడు కూడా 'నాదీ ఆ చానెల్ సమస్యే' అంటాడు. కాబట్టి పేరు పడకముందు, ఒకరికొకరు తెలియకుండా చెప్పిన ఫిర్యాదులకే బరువెక్కువ. వాటికి తోడు బోర్డు ఫొటో ఉంటే ఇంకా మేలు.

మూత తీశాక

ఎన్ని చెడిపోయాయో తేల్చడానికి వేల పెట్టెలు కావాలి. ఎందుకు చెడిపోయాయో తేల్చడానికి రెండు మూడు చాలు. నా వాదనంతా ఈ తేడా మీదే నిలబడింది. సమీక్షకుడి దగ్గర మంచి మీటర్లు ఉన్నాయి, వేడి కొలిచే కెమెరా ఉంటుంది, ముఖ్యంగా పాడుకాని పెట్టె ఒకటి ఉంది. పాడైన పెట్టె దొరికితే రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడగలిగేది అతనే. ఆ పెట్టె మన ఇంట్లో ఉన్నా మనకి పోల్చడానికి ఇంకోటి లేదు. కంపెనీకి రెండూ ఉన్నాయి గానీ చెప్పాలన్న తొందర లేదు.

పని ఎలా సాగుతుందో కాస్త దగ్గరగా చూద్దాం. మొదట పెట్టె యజమానిని అడగాల్సినవి అడగాలి. సీరియల్ నంబరు, ఎప్పుడు కొన్నారు, రోజుకి ఎన్ని గంటలు, ఎలాంటి స్పీకర్లు, గాలాడే చోట పెట్టారా టీవీ అరలో ఇరికించారా, ఇంట్లో కరెంటు వోల్టేజి ఎంత ఎగుడుదిగుడు. తర్వాత మూత తీస్తే కళ్లకి కనబడేవి చాలా ఉంటాయి. కండెన్సర్ నెత్తి మీద కొట్టిన గాటు చదునుగా ఉండాలి, బొడిపెలా లేచిందా? రెగ్యులేటర్ చుట్టూ పచ్చని బోర్డు కందిపోయి గోధుమరంగుకి తిరిగిందా? బోర్డు తిప్పి భూతద్దం పెడితే, సోల్డర్ ముద్ద మధ్యలో పిన్ను చుట్టూ సన్నటి నల్లటి ఉంగరం కనబడవచ్చు. వేడెక్కి సాగి, చల్లారి కుదించుకుని, అలా వేలసార్లు అయ్యాక సోల్డర్ పిన్నుని వదిలేసిన గుర్తు అది. షాపుల్లో 'డ్రై సోల్డర్' అంటారు. ఐసీల నెత్తి మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది. చాలావాటిలో మొదటి రెండు అంకెలు ఏడాదిని, తర్వాతి రెండు వారాన్ని చెబుతాయి. 2318 అంటే 2023లో పద్దెనిమిదో వారం. మంచి పెట్టెలో ఒక కోడ్, చెడ్డవాటిలో ఇంకో కోడ్, లేదా అసలు వేరే కంపెనీ భాగమే ఉంటే కథ సగం విప్పుకున్నట్టే.

వచ్చిపోయే లోపమైతే ఓపిక కావాలి. ప్లాస్టిక్ పుల్లతో బోర్డుని చోటుచోటా మెల్లగా తడుతూ పాట ఎక్కడ తెగుతుందో వింటారు. ఒక్కో భాగం మీద చల్లబరిచే స్ప్రే కొట్టి, డ్రయ్యరుతో వేడిచేసి ఏది మార్పు తెస్తుందో చూస్తారు. ఇలా దొరికిన అనుమానితుడిని వెంటనే దోషి అనకూడదు. రెండు పరీక్షలున్నాయి. చెడ్డ పెట్టెలో ఆ ఒక్క భాగం మాత్రమే మారిస్తే అది బాగవ్వాలి. మంచి పెట్టెలో ఆ భాగానికి అదే వేడి, అదే ఒత్తిడి పెడితే అది కూడా అలాగే చెడిపోవాలి. రెండూ నెగ్గితే కారణం దొరికినట్టే. ఒక్కటే నెగ్గితే 'బహుశా' అని రాయాలి. ఇందులో ఎక్కడా 'వందకి ఇన్ని చెడిపోతున్నాయి' అన్న మాట రాదు, రాకూడదు కూడా. 'ఈ కోడ్ ఉన్న రిలే, ఈ వేడిలో, ఇన్ని గంటలకి ఇలా అవుతోంది' అన్నంత వరకే అతని సాక్ష్యం. కొనేవాడికి అసలు పనికొచ్చేదీ అదే. గాలాడే చోట పెట్టాలా, స్టాండ్‌బైలో వదలకుండా స్విచ్ ఆపాలా, వారంటీ ముగిసేలోపు చూపించుకోవాలా అన్నది అతను నిర్ణయించుకోగలడు.

'మా పని కాదు' అన్నప్పుడు

సమీక్షకుల వైపు నుంచి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది ఇదే. మేం సౌండ్ ఎలా ఉందో చెబుతాం, మన్నికకి పూచీ కంపెనీది, వారంటీ అందుకే ఉంది అంటారు. రివ్యూ అచ్చయిన రోజు వరకు ఇది సరైన మాటే. రివ్యూ ఆ రోజుతో అయిపోదు కదా. ఏళ్ల తరబడి కొత్తవాళ్లు దాన్నే చదివి కొంటుంటారు. కొన్నిచోట్ల అలా కొన్న ప్రతిసారీ రాసినవాళ్లకి కమీషన్ కూడా ముడుతుంది. లోపం సంగతి చెవిన పడ్డాక కూడా ఆ పాత రివ్యూ మార్పు లేకుండా అమ్మకాలు తెస్తుంటే, అది గతంలో చెప్పిన అభిప్రాయం అనిపించుకోదు, రోజూ కొత్తగా ఇస్తున్న సిఫారసు అవుతుంది. కనీసం ఆ పేజీ నెత్తిన తేదీ వేసి 'ఫలానా ఫిర్యాదులు వస్తున్నాయి, చూస్తున్నాం' అని ఒక వాక్యం రాయడానికి మీటర్లు కూడా అక్కర్లేదు.

రెండో అభ్యంతరానికి ఎక్కువ బలముంది. చెడిపోవడానికి వాడినవాళ్లే కారణమేమో, 230 వోల్టులు రావాల్సిన చోట పల్లెల్లో రాత్రిపూట ఎంత వస్తుందో ఎవరికి తెలుసు, నాలుగు ఓమ్‌ల స్పీకర్లు పెట్టకూడని దానికి పెట్టారేమో అంటారు. అలా జరగడం నిజమే. కానీ తప్పు వాడకంలోదా వస్తువులోదా అని తేల్చేది కూడా విప్పి చూడటమే. పిడుగుపాటు వోల్టేజికి పోయిన బోర్డు మీద మాడిన జాడ వేరు, మెల్లగా ఎండిన కండెన్సర్ వేరు. విప్పకుండా వాడినవాడి మీదకి నెట్టేస్తే ఎంత దూరం పోవచ్చో పైన చెప్పిన ఉబ్బిన కండెన్సర్ల కాలంలోనే బయటపడింది. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ గణిత విభాగంలో కంప్యూటర్లు వరసగా చెడిపోతుంటే, కష్టమైన లెక్కలు చేయించి వాటిని అతిగా శ్రమ పెట్టారని డెల్ చెప్పిందని 2010లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. కంప్యూటర్ కొన్నది లెక్కలకి కాకపోతే మరి దేనికో!

పొరపాటు పడితే ఎలా, కేసు వేస్తే ఎలా అన్న భయం ఒట్టిది కాదు. ఆడియో రంగంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 1970 మే సంచికలో కన్స్యూమర్ రిపోర్ట్స్ బోస్ 901 స్పీకర్ల గురించి రాస్తూ, వాటిలో వింటే ఒక్కో వాయిద్యం భారీగా పెరిగిపోయి గది అంతా తిరుగుతున్నట్టు అనిపిస్తుందన్నారు. శబ్దం కదిలింది గోడ వెంట అటూ ఇటూ తప్ప గది అంతటా కాదని బోస్ కంపెనీ కోర్టుకెక్కింది. కింది కోర్టు బోస్ వైపు తీర్పిచ్చింది, పై కోర్టు కొట్టేసింది, చివరికి 1984లో అమెరికా సుప్రీంకోర్టు పత్రిక పక్షాన నిలిచింది. తెలిసి తెలిసి అబద్ధం రాసినట్టు, లేదా నిజమో కాదో పట్టించుకోకుండా రాసినట్టు రుజువు లేదని చెప్పింది. రెండు మాటల మీద పదేళ్లకి పైగా నడిచిన వ్యాజ్యం. మన దేశంలో పరువునష్టం సివిల్ దావాకే కాదు, క్రిమినల్ కేసుకీ దారితీస్తుంది కాబట్టి ఇక్కడి సమీక్షకుడి భయాన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేం. అయితే ఆ కేసు నేర్పే జాగ్రత్త నోరు మూసుకోమని కాదు, చూసినదాన్ని చూసినంతే రాయమని. 'ఈ కంపెనీ సరుకంతా చెత్త' అన్న మాటని కోర్టులో నిలబెట్టడం కష్టం. 'ఈ సీరియల్ నంబరు పెట్టెలో ఈ రిలే కొనల మీద ఈ పొర ఉంది, ఇదిగో ఫొటో' అన్న మాటని పడగొట్టడం కష్టం.

దర్యాప్తే తప్పు దారి పట్టవచ్చు కూడా. అదే పత్రిక 2007 జనవరిలో పసిపిల్లల కారు సీట్ల మీద భయంకరమైన ఫలితాలు ప్రకటించి, తాను పనిచేయించిన ల్యాబు చెప్పిన దాని కంటే చాలా ఎక్కువ వేగంతో గుద్దించిందని తెలిశాక వెనక్కి తీసుకుంది. 2016 చివర్లో మాక్‌బుక్ ప్రో బ్యాటరీ సంగతి ఇంకా ఆసక్తికరం. ఒకే కంప్యూటర్ ఒకసారి 16 గంటలు, ఇంకోసారి నాలుగు గంటల లోపు వచ్చింది. పత్రిక సిఫారసు ఇవ్వనంది, తన పరీక్ష వివరాలన్నీ ఆపిల్‌కి ఇచ్చింది. వెతికితే, పరీక్ష కోసం బ్రౌజర్‌లో మార్చిన ఒక సెట్టింగు వల్ల ఆపిల్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్న బగ్ ఒకటి లేచిందని తేలింది. ఆపిల్ దాన్ని సరిచేసింది, పత్రిక మళ్లీ పరీక్షించి 2017 జనవరిలో సిఫారసు ఇచ్చింది. అందులో పరీక్ష తీరుకీ వాటా ఉంది, వస్తువుకీ వాటా ఉంది. తేల్చింది మాత్రం వివరాలు బయటపెట్టి కారణం దొరికేదాకా వెంటపడటమే. అందుకే రాయడానికి ముందు కంపెనీకి తాము చూసింది మొత్తం పంపి, జవాబుకి గడువు ఇవ్వడం మర్యాద కోసమే కాదు, తమ తప్పు తమకి ముందే తెలియడం కోసం కూడా.

పోటీ కంపెనీలు దొంగ ఫిర్యాదులు చేయిస్తాయన్న అనుమానానికి జవాబు చిన్నది. మాటలు ఎన్నయినా పుట్టించవచ్చు, చచ్చిన పెట్టెని సీరియల్ నంబరుతో సహా పంపించడం కష్టం. ఇక డబ్బు, తీరిక. ప్రతి ఫిర్యాదు వెనకా పరుగెత్తడం ఎవరి వల్లా కాదు, అడగడమూ న్యాయం కాదు. మంట, షాక్, బ్యాటరీ ఉబ్బడం లాంటిదైతే నమ్మదగిన ఒక్క ఫిర్యాదుకే కదలాలి. ప్రాణభయం లేని లోపమైతే ఒకే లక్షణంతో, ఒకరికొకరు తెలియని కొన్ని ఫిర్యాదులు రావాలి. చెల్లాచెదురు ఫిర్యాదులకి నమోదు చేసి ఉంచుకుంటే చాలు. తాను మెచ్చుకున్న వస్తువుకి ఈ బాధ్యత ఎక్కువ, తాను వద్దన్నదానికి తక్కువ.

ఖమ్మంలో కొన్నవాడి సంగతి

విదేశాల్లో తయారై ఆన్‌లైన్‌లో వచ్చే చిన్న ఆంప్లిఫయర్లు, డిజిటల్ పాటని ఆడియో సంకేతంగా మార్చే డాక్‌లు మన దగ్గర కొనేవాళ్లు ఎక్కువగా నమ్మేది రివ్యూలనే. చేత్తో ముట్టుకుని, చెవితో విని కొనే దుకాణం దగ్గర్లో ఉండదు. చెడిపోతే వారంటీ కాగితం ఉన్నా వెనక్కి పంపే కొరియర్ ఖర్చు, కస్టమ్స్ బాదరబందీ చూస్తే చాలాసార్లు అటకెక్కించడమే చవక. కాబట్టి అమెరికాలోనో సింగపూర్‌లోనో మార్చి ఇచ్చే దుకాణం ఉన్నవాడి కంటే ఖమ్మంలో కొన్నవాడికి లోపం సంగతి ముందే తెలియడం ఎక్కువ అవసరం. ఇక్కడి వేడి, తేమ, వోల్టేజి తేడాలు లోపాలని త్వరగా పైకి తెస్తాయి కూడా. విశాఖ సముద్రపు గాలిలో రిలే కొనలకి పొర కట్టడానికి, స్పీకరు కోను చుట్టూ ఉండే ఫోమ్ ఉంగరం పొడిపొడి అయిపోవడానికి ఎక్కువ కాలం పట్టదు. తెలుగులో ఆడియో రివ్యూలు చేసేవాళ్లు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్ల టెక్నీషియన్లతో స్నేహం చేసుకుంటే, ల్యాబు లేకపోయినా సగం పని అవుతుంది. ఏ మోడల్ ఏ భాగం పోయి బల్ల మీదకి వస్తుందో వాళ్ల చేతులకి తెలుసు. రాసిపెట్టే అలవాటే లేదు.

చట్టం కూడా ఈ దిక్కుగానే నడుస్తోంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకి దాన్ని సిఫారసు చేసినవాళ్ల మీద కూడా పది లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. తగిన విచారణ చేసుకున్నామని చూపించగలిగితే మినహాయింపు ఉంది. కంపెనీతో డబ్బు, బహుమతి సంబంధం ఉంటే అది స్పష్టంగా చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బు తీసుకుని చేసిన వీడియో రివ్యూ ప్రకటన కిందికే వస్తుంది కాబట్టి, ఫిర్యాదులు తెలిసి కూడా దాన్ని అలాగే నడిపించేవాడు 'విచారణ చేసుకున్నాను' అని చెప్పుకోవడం కష్టమేనని నా అభిప్రాయం. ప్రమాదకరమైన వస్తువుల్ని మార్కెట్ నుంచి వెనక్కి పిలిపించే అధికారం అదే చట్టం కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకి ఉంది. ఎన్ని అమ్మారు, ఎన్ని తిరిగొచ్చాయి అన్న లెక్క కంపెనీని నిలదీసి అడగగలిగేది అలాంటి సంస్థే, సమీక్షకుడు కాదు.

జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లినవాళ్లకి మాత్రం సమీక్షకుడి పని నేరుగా అక్కరకొస్తుంది. వస్తువులో లోపం పైకి కనబడకపోతే నమూనాని సీలు వేసి ల్యాబుకి పంపి నివేదిక తెప్పించుకోవాలని చట్టంలో ఉంది. ఆ రుసుము ముందుగా కట్టాల్సింది ఫిర్యాదుదారుడే. ల్యాబు పెట్టె ఆన్ చేసి, పెద్ద సౌండ్‌లో పాట పెట్టి, రెండు స్పీకర్లూ పలుకుతున్నాయి కాబట్టి లోపం లేదని రాసిచ్చేస్తే ఆ డబ్బు గంగలో పోసినట్టే. తక్కువ వాల్యూమ్‌లో పరీక్షించాలని, రిలే కొనల దగ్గర అడ్డు ఎంతుందో కొలవాలని, కాసేపు ఆపి మళ్లీ ఆన్ చేసి చూడాలని ముందే ఎవరైనా తేల్చి రాసిపెట్టి ఉంటే, ఫిర్యాదుదారుడు ఆ కాగితాన్ని తన అర్జీకి జతచెయ్యగలడు.